జ్యా, జేబు, సేనో: ఒక లఫ్జ్ చేసిన సఫర్

ఇంగ్లిషులో 'బోసమ్' అని ఒక మాట ఉంది. దాన్ని స్పానిష్‌లో ఏమనాలి? డిక్షనరీ తెరిస్తే ఒకటి కాదు, నాలుగైదు మాటలు వరసగా నిలబడతాయి. పేచో అంటే ఛాతీ, మగవాళ్లదైనా ఆడవాళ్లదైనా. ఎస్కోతే అంటే బట్టకి మెడ దగ్గర పెట్టిన కోత. రెగాసో అంటే ఒడి. సేనో అంటే రొమ్ము, ఒడి, గర్భం, లోతట్టు, ఇంకా చాలా. 'బోసమ్ ఫ్రెండ్' అన్నారనుకోండి, ఇవేవీ పనికిరావు. 'అమీగో దెల్ అల్మా' అనాలి, అంటే రూహ్‌కి దోస్త్. మనం 'జిగ్రీ దోస్త్' అన్నట్టు. వాళ్లు ఆత్మ దాకా వెళ్లారు, మనం కలేజా దగ్గర ఆగాం. మాట వేరు, మాయనా ఒకటే.

నాకు స్పానిష్ రాదు. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, పత్రికలో పని చేసుకుంటున్నవాణ్ని. మరి ఈ మాట వెంట ఎందుకు పడ్డానంటే రెండు కారణాలు. ఒకటి నేను చేసిన గలతీ. రెండోది డెస్కులో పక్క సీటు సారు వేసిన జోకు.

గలతీ ముందు చెబుతాను. కొన్నేళ్ల క్రితం పరదా మీద ఒక వ్యాసం రాశాను. సూరె నూర్ 31వ ఆయత్ మాయనా అందులో ఇవ్వాలి. టైము తక్కువ. చేతికందిన ఇంగ్లిషు తర్జుమా తీసుకుని, 'బోసమ్' అన్నచోట తెలుగులో 'రొమ్ములు' అని రాసేశాను. అచ్చయింది. ఇంట్లో అమ్మీకి నా చెల్లెలు చదివి వినిపిస్తూ ఆ మాట దగ్గర ఆగిపోయింది. అమ్మీ బడికి ఎక్కువ పోలేదు, కానీ ఖురాన్ ఉర్దూ తర్జుమాతో ఎన్నిసార్లు ఖతం చేసిందో లెక్కలేదు. నన్ను పిలిచి కోపం లేకుండానే అంది: "గిరేబాన్ హై నా బేటా వో. కపడే కీ బాత్ హై." అది ఒంటి మాట కాదు, బట్ట మాట అని. 

నేను అరబీ చూడకుండా ఇంగ్లిషు మీద నుంచి దూకాను. అమ్మీ ఉర్దూ కితాబు మీద నుంచి పట్టుకుంది. ఆయత్‌లో ఉన్న లఫ్జ్ 'జుయూబ్'. 'జైబ్' అనే మాటకి బహువచనం. జైబ్ అంటే పాతకాలపు అరబీలో కుర్తాకి మెడ కింద ఉండే చీలిక, గిరేబాన్. ఆ చీలికలోంచే మనుషులు డబ్బు, తాళాలు లోపల దోపుకునేవాళ్లు. అలా రానురాను దాచుకునే చోటుకే ఆ పేరు వచ్చింది. అరబీ జైబ్ ఫార్సీ మీదుగా ఉర్దూలో 'జేబ్' అయింది, తెలుగులో 'జేబు' అయింది. ఈ పేజీ చదువుతున్న మీ చొక్కాకి ఉన్నది అదే.

ఇప్పుడు జోకు. మా సారుకి ఎక్కడినుంచో ఒక ఫార్వర్డ్ వచ్చింది. "భాయ్, ఆర్యభటుడి జ్యాని మీవాళ్లు పట్టుకుపోయి, చదవడం రాక జేబు చేశారట. యూరప్ వాళ్లు ఆ జేబునే నమ్ముకుని సైన్ అన్నారట!" అని నవ్వాడు. చెడ్డ మనిషి కాడు. పండక్కి మా ఇంటికొచ్చి షీర్ ఖుర్మా తాగే మనిషి. కానీ 'మీవాళ్లు' అన్న మాట దగ్గర నాకు చిక్కొచ్చింది. జ్యా ఎవరిది, జేబు ఎవరిది, ఈ లెక్కలో నేనెటువైపు? 

ఆ జేబు నాకు అంతకు ముందే పరిచయం. పదో తరగతిలో మా హిసాబ్ సారు తఖ్తా మీద త్రికోణం గీసి, 'సైన్' అని చెప్పి, పక్కన ఉర్దూలో మూడు హర్ఫులు రాశారు: జీమ్, యే, బే. క్లాసంతా గొల్లుమంది. మాకు కనిపించింది జేబు. సారు నవ్వలేదు. "జేబ్ కాదు, జైబ్. పెద్దల ఇస్తెలాహ్" అన్నారంతే. అదే పుస్తకంలో వృత్తం మీద రెండు బిందువుల్ని కలిపే గీతకి 'వతర్' అని ఉండేది. డిగ్రీకి తెలుగులోకి వచ్చాక పక్కింటి పిల్లల తెలుగు మీడియం లెక్కల పుస్తకంలో ఆ వతర్‌నే 'జ్యా' అని చూశాను. జ్యాకీ జైబ్‌కీ చుట్టరికం ఉందని అప్పుడు నాకు తెలియదు.

జ్యా అంటే వింటినారి. వృత్తంలో వంపు భాగం విల్లయితే, దాని రెండు కొసల్ని కలిపే గీత నారి. అందుకే ఆ వంపు 'చాపం', ఆ గీత 'జ్యా'. దీనికే 'జీవా' అని ఇంకో పేరు. 499 ప్రాంతంలో ఆర్యభటుడు తన 'ఆర్యభటీయం'లో పట్టిక ఇచ్చింది పూర్తి జ్యాకి కాదు, అందులో సగానికి, అర్ధజ్యాకి. ఒక్క శ్లోకంలో 24 అంకెలు ఇమిడ్చాడు. లెక్కకి ఎప్పుడూ సగమే కావాలి కాబట్టి, వాడుకలో 'అర్ధ' రాలిపోయి, ఆ సగాన్నే జ్యా, జీవా అనడం అలవాటైంది.

770ల్లో బగ్దాద్‌లో ఖలీఫా అల్ మన్సూర్ దర్బారుకి హిందుస్తాన్ నుంచి ఒక పండితుడు నక్షత్రాల లెక్కల గ్రంథంతో వచ్చాడు. ఖలీఫా హుకుంతో అల్ ఫజారీ దాన్ని అరబీ చేశాడు. ఆ లెక్కల పద్ధతికి అరబ్బులు పెట్టుకున్న పేరు 'సింద్‌హింద్'. సంస్కృతం సిద్ధాంతమే అది, కానీ వినగానే సింధ్, హింద్ గుర్తొచ్చేలా పలికారు. ఎక్కణ్నుంచి తెచ్చుకున్నారో దాచుకోలేదు. కితాబు పేరులోనే ఉంది.

ఇక్కడ ఒక సవాల్ వేసుకోవాలి. వింటినారికి అరబీలో మాట లేదా? ఉంది. వతర్. మరి జీవాని వతర్ అని తర్జుమా చేయకుండా 'జీబ్' అని అలాగే ఎందుకు ఉంచేశారు? యూనానీ లెక్కల నుంచి వచ్చిన పూర్తి గీతకి వతర్ అన్న పేరు సరిపోతుంది. సగం గీతకి కూడా అదే పేరు పెడితే, చదివేవాడు ఏది ఎక్కడో తేల్చుకోలేడు. పూర్తి గీతకి వతర్, సగానికి జీబ్ అని విడిగా ఉంటే ఆ తిప్పలు లేవు. డిక్షనరీ ప్రకారం సరైన మాట ఉన్నా, ఆ కుర్చీలో అప్పటికే ఇంకొకరు కూర్చుని ఉంటే, కొత్త కుర్చీ వేయడమే తెలివి. పరాయి మాటని పరాయిగానే ఉంచడం కూడా తర్జుమాలో ఒక హునర్.

తర్వాత జరిగింది ఉర్దూ చదివినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. జేర్, జబర్, పేష్ పెట్టి రాసే అలవాటు మాకు ఖురాన్‌లోనే. మామూలు రాతలో పెట్టరు. అలిఫ్, సీన్ రెండు హర్ఫులు రాసి ఉంటే, అది 'ఇస్' కావచ్చు, 'ఉస్' కావచ్చు. ఇతను కావచ్చు, అతను కావచ్చు. ముందూ వెనకా చూసి చదువుకుంటాం. జీమ్, యే, బే కూడా అంతే. 'జీబ్' అని అరబీలో మాట లేదు. 'జైబ్' అని ఉంది, అందరికీ తెలిసిన మాట. నాలుక తెలిసిన దారిలోకి మళ్లింది. అరబ్ హిసాబ్ ఉస్తాద్‌లు దాన్ని జైబ్ అనే పిలిచారు, అదే ఇస్తెలాహ్ అయి కూర్చుంది. గిరేబాన్ గురించి కాదని వాళ్లకి తెలుసు. తెలుగు లెక్కల సారు 'భుజం' అంటే పిల్లలెవరూ తమ భుజం తడుముకోనట్టే.

ఇక సఫర్ బగ్దాద్ నుంచి స్పెయిన్‌కి. ముస్లింలు 'అందలూస్' అని పిలుచుకున్న నేల అది. అల్ ఖ్వారిజ్మీ రాసిన సింద్‌హింద్ పట్టికల్ని కొర్దోబాలో మస్లమా అల్ మజ్రీతీ సరిదిద్ది, ఆ ఊరి ఆకాశానికి తగ్గట్టు మార్చాడు. మజ్రీత్ అంటే ఇవాళ్టి మాడ్రిడ్. 1085లో తొలేదో నగరం క్రైస్తవ రాజు ఆరవ అల్ఫోన్సో చేతిలోకి పోయింది. నగరం పోయినా కితాబులు మిగిలాయి. వాటిని చదవాలని ఇంగ్లాండ్ నుంచి, ఇటలీ నుంచి విద్వాంసులు స్పెయిన్ దారి పట్టారు.

తొలేదోలో తర్జుమా ఒక్కడే కూర్చుని చేసే పని కాదు. అరబీ తెలిసిన ఒకరు, యూదీ గానీ, అరబీ మాట్లాడే స్థానిక క్రైస్తవుడు గానీ, కితాబు చూసి అక్కడి వాడుక భాషలో, అంటే ఇవాళ్టి స్పానిష్‌కి తల్లివంటి భాషలో, పైకి చెప్పేవాడు. అది విని ఇంకొకరు లాటిన్‌లో రాసేవాడు. ఇబ్న్ సీనా రాసిన ఆత్మ గ్రంథాన్ని అవెందౌత్ అనే యూదీ పండితుడు అలా చెప్పగా, గుండిసాల్వో అనే పాదరీ లాటిన్ చేశాడు. ఇటలీలోని క్రెమోనా నుంచి వచ్చిన జెరార్డ్‌కి గాలిబ్ అనే స్థానికుడు తోడు. ఒక ముస్లిం రాసింది, ఒక యూదీ చదివి చెప్పగా, ఒక క్రైస్తవుడు రాసుకోవడం. దీన్ని జన్నత్‌లా చూపించే ఉద్దేశం నాకు లేదు. ఊరు యుద్ధంలోనే చేతులు మారింది. కానీ ఆ గదిలో పని మాత్రం అలా జరిగింది.

ఆ పనిలో జైబ్ ఎదురైనప్పుడు ఇద్దరు రెండు దారులు పట్టారు. 1126 ప్రాంతంలో అల్ ఖ్వారిజ్మీ పట్టికల్ని లాటిన్ చేసిన ఇంగ్లిషువాడు, బాత్ ఊరి అడెలార్డ్, దాన్ని తర్జుమా చేయలేదు. 'అల్ జైబ్'ని 'ఎల్గేబ్' అని అలాగే ఉంచాడు. ఆ శతాబ్దం మధ్యలో వచ్చినవాళ్లు మాత్రం దాన్ని లాటిన్‌లో 'సీనుస్' అన్నారు. ఆ పేరు పెట్టింది చెస్టర్ రాబర్ట్ అని కొందరు చరిత్రకారులు, క్రెమోనా జెరార్డ్ అని ఇంకొందరు అంటారు. 

లాటిన్ సీనుస్ అంటే రోమన్లు కప్పుకునే టోగా గుడ్డకి ఛాతీ మీద పడే మడత. ఆ మడతలో వాళ్లూ డబ్బు దాచుకునేవాళ్లు. దాంతోపాటు రొమ్ము, ఒడి, సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన వంపు కూడా. అరబీ జైబ్‌కీ లాటిన్ సీనుస్‌కీ ఒక అర్థం కాదు, అర్థాల గుత్తికి గుత్తే కలిసింది. ఇంతకన్నా మంచి జోడీ దొరకడం కష్టం. అందుకే నేను దాన్ని గలతీ అననంటాను. వాళ్ల ముందున్న కితాబులో ఉన్నది జైబే. రాసినవాళ్లు అన్నదీ జైబే. 600 ఏళ్ల కిందటి వింటినారి ఆ కాగితం మీద లేదు. కాగితం మీద ఉన్నదాన్ని నిజాయితీగా దాటించారు.

ఆ సీనుసే స్పానిష్‌లో 'సేనో' అయింది. ఇంగ్లిషువాళ్లు దాన్ని రెండుగా విడగొట్టుకున్నారు. లెక్కల్లో 'సైన్', 1590ల నుంచి. ముక్కు పక్క ఎముకల్లో గాలి గదులకి 'సైనస్'. స్పానిష్‌వాళ్లు విడగొట్టలేదు. బడిపిల్లలు రాసే సైన్ వాళ్లకి సేనో, జలుబు చేస్తే నొప్పెట్టే సైనస్ కూడా సేనో. మెక్సికో సింధుశాఖని వలస కాలంలో 'సేనో మెహికానో' అన్నారు. చిలీ దేశం దక్షిణాన రెలోంకవీ దగ్గర సముద్రం లోపలికొచ్చిన చోటుని ఇంగ్లిషు పటాల్లో 'సౌండ్' అంటారు. సౌండ్ అంటే చప్పుడని నమ్మి 'సొనీదో' అని రాస్తే, నీళ్లుండాల్సిన చోట చప్పుడు మిగులుతుంది. అక్కడివాళ్లు ఆ చోటునీ సేనో అనే అంటారు.

ఇప్పుడు మొదటి సవాల్‌కి వద్దాం. ఇంగ్లిషు 'బోసమ్'కి ఎప్పుడు ఏది? బైబిల్లో పేదవాడు లాజరు చేరుకున్న అబ్రహాము రొమ్ముకి సేనో. 'కుటుంబం ఒడిలో' అన్నప్పుడూ సేనోనే. బిడ్డని ఒళ్లో పెట్టుకుంటే రెగాసో. గుండెలకి హత్తుకుంటే పేచో. ఆస్పత్రిలో మాట వేరు: స్పెయిన్ డాక్టర్లు రొమ్ము క్యాన్సర్‌ని 'మామా' అనే మాటతో చెబితే, కొలంబియాలో సేనోతో చెబుతారు. ఎవరు, ఎవరితో, ఏ గదిలో మాట్లాడుతున్నారన్నది తెలియకుండా డిక్షనరీ ఒక్కటే జవాబివ్వదు.

ఆ ఆయత్‌కి వస్తే? ఇక్కడ మన హైదరాబాద్ కథలోకి వస్తుంది. ఖురాన్‌ని ఇంగ్లిషు చేసిన మర్మడ్యూక్ పిక్తాల్ 1925లో హైదరాబాద్ వచ్చి చాదర్‌ఘాట్ హైస్కూలు ప్రిన్సిపాల్‌గా పని చేశాడు. 1927 నుంచి 'ఇస్లామిక్ కల్చర్' పత్రిక నడిపాడు. తర్జుమా పూర్తి చేసుకోమని నిజాం రెండేళ్లు సెలవిచ్చాడు. 1930లో అది అచ్చయింది. జైబ్‌కి ఆయన ఎంచుకున్న మాట 'బోసమ్'. ఆయన పాత ఇంగ్లిషులో బోసమ్ అంటే దుస్తుల ఛాతీ భాగం కూడా. మూసా అలైహిస్సలాం చెయ్యి జైబ్‌లో పెట్టి తీస్తే తెల్లగా మెరిసిందన్న ఆయత్‌లోనూ ఆయన అదే మాట వాడి, అంగీ బోసమ్ అని విప్పి చెప్పాడు. అక్కడ దాన్ని రొమ్ము అని ఎవరూ పొరబడరు. ఆడవాళ్ల ప్రస్తావన వచ్చేసరికే నా బోటివాడి బుర్ర బట్ట వదిలి ఒంటి మీదికి పోతుంది. గలతీ పిక్తాల్‌ది కాదు, మాటకున్న రెండు అర్థాల్లో నేను ఏరుకున్నదానిది.

స్పానిష్‌లో హూలియో కోర్తెస్ ఆ ఆయత్‌కి 'ఎస్కోతే' ఎంచుకున్నాడు. బట్టకి మెడ దగ్గర కోత. అమ్మీ చెప్పిన గిరేబాన్ అదే. ఉర్దూ తర్జుమాల్లో కొందరు పెద్దలు గిరేబాన్ అన్నారు, కొందరు సీనా అన్నారు. ముహమ్మద్ అసద్ ఇంగ్లిషు తర్జుమా 1980లో జిబ్రాల్టర్ నుంచి వచ్చింది, తర్వాత దాన్ని స్పెయిన్ ముస్లింలు ఇంగ్లిషు నుంచే స్పానిష్ చేసుకున్నారు. అంటే ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ల కిందట ఆ నేల మీద జైబ్‌కి మాట వెతికినట్టే, మళ్లీ ఆ నేల మీదే బోసమ్‌కి మాట వెతికారు. ఈసారి లెక్కల కోసం కాదు, ఒక ఆడమనిషి బట్టల గురించి. మాట కాస్త అటూ ఇటూ అయితే లెక్కలో త్రికోణం మారదు. కానీ ఈ ఆయత్‌లో మారితే, చెల్లెలు అమ్మీ ముందు చదవలేక తల దించుకుంటుంది.

సారుకి ఈ ఖిస్సా అంతా చెప్పాను. ఒకటి మాత్రం ప్రత్యేకంగా చెప్పాను. అదే తొలేదోలో, ఊరు ఇంకా ముస్లింల చేతిలో ఉండగానే, సాయిద్ అల్ అందలూసీ అనే ఖాజీ ఉండేవాడు. 1068లో 'తబఖాత్ అల్ ఉమమ్' అని ఒక కితాబు రాశాడు. ఇల్మ్‌ని పెంచి పోషించిన కౌములు ఏవేవి అని లెక్కవేస్తే, ఆ ఖాజీ మొట్టమొదట నిలబెట్టింది హింద్‌ని. తన కౌమ్‌ని కాదు. సింద్‌హింద్ పేరు కూడా చెప్పాడు. దొంగ ఎక్కడైనా సొంతదారు పేరు సొమ్ము మీద రాసుకుంటాడా?

తర్వాత స్పెయిన్‌లో ఏం జరిగిందో తెలిసిందే. 1499లో గ్రనాడాలో అరబీ కితాబుల్ని కుప్పపోసి తగలబెట్టారు. 1567లో అరబీ మాట్లాడొద్దన్నారు. 1609 నుంచి 1614 దాకా, క్రైస్తవం పుచ్చుకున్నవాళ్లని కూడా, మీ తాతలు ముస్లింలని చెప్పి లక్షల మందిని ఓడలెక్కించి పంపేశారు. మనుషులు పోయారు. సేనో ఉండిపోయింది. ఇవాళ స్పెయిన్‌లో ప్రతి బడిపిల్ల నోట్‌బుక్కులో ఆ మాట రాస్తుంది. అందులో ఒక వింటినారి, ఒక గిరేబాన్, ఒక టోగా మడత ఉన్నాయని ఆ పిల్లకి ఎవరైనా చెబితే బాగుండు.

సారు కాసేపు ఊరుకుని, "అయితే మీవాళ్లు తప్పు చదవలేదంటావ్" అన్నాడు. "చదివారు సార్, జీబ్‌ని జైబ్ అని చదివారు. మోసుకొచ్చింది కూడా వాళ్లే" అన్నాను. 'మీవాళ్లు' అన్న మాటని ఈసారి నేనూ వాడాను, కాదనలేదు. కాదనాల్సిన అవసరం కనిపించలేదు. ఆర్యభటుడి జ్యా తెలుగు పుస్తకంలో నాది, జైబ్ ఉర్దూ తఖ్తా మీద నాది. రెండిట్లో ఒకటి వదులుకుంటే నా చదువు సగం పోతుంది.

ఉర్దూలో ఒక ముహావరా ఉంది. ఎవరి మీదైనా వేలెత్తే ముందు 'అప్నే గిరేబాన్ మే ఝాంక్' అంటారు. నీ గిరేబాన్‌లోకి ఒకసారి తొంగి చూసుకో అని. నేను చూసుకున్నాను. ఆ పాత వ్యాసాన్ని ఇక్కడ మళ్లీ పెడుతున్నప్పుడు 'రొమ్ములు' అన్న మాట కొట్టేశాను. తెలుగులో గిరేబాన్‌కి ఒక్క మాట చాలాసేపు వెతికాను, దొరకలేదు. 'అంగీ మెడ దగ్గరి చీలిక' అని విడమరిచి రాశాను. చెల్లెలు మళ్లీ చదివి వినిపించింది. ఈసారి ఎక్కడా ఆగలేదు.